పదిహేను రోజుల పట్టిక

ఆ ఈమెయిల్ గురువారం పొద్దున వచ్చింది.

వెర్రిబీ అనే శివారు ఊళ్ళో, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ నడిపే కేటరింగ్ కిచెన్‌లో అప్పటికి తొమ్మిది నెలలుగా పనిచేస్తున్నాను. యూనివర్సిటీలో క్లాసుల్లేని రోజుల్లో వెళ్ళి ఇడ్లీ పిండి రుబ్బడం, ఉల్లిపాయలు తరగడం, ఫాయిల్ ట్రేల మీద ఎవరి ఆర్డరో రాయడం నా పనులు. ట్రేల మీద రాసే పని నాకే ఎందుకు వచ్చిందంటే నా చేతిరాత బాగుంటుంది, నేను ఎక్కువ మాట్లాడను. "ఈ పిల్లకి నోరు పెన్నులో పెట్టాడు దేవుడు" అనేవారు ఆంటీ.

ఆంటీది గుంటూరు వైపు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కిచెన్. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో గృహప్రవేశమైనా, పిల్లల పుట్టినరోజైనా, సత్యనారాయణ వ్రతమైనా పులిహోర ట్రేలు ఇక్కడి నుంచే వెళ్ళేవి. ఆవిడ కింద ఆరుగురం పనిచేసేవాళ్ళం.

ఆంటీ తడిచెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని, ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టారు.

"అమ్మడూ, ఇది చదివి తెలుగులో చెప్పు. నేను చదివితే సగం అర్థమవుద్ది, మిగతా సగం భయమేస్తది."

చదివాను. వచ్చే మంగళవారం పదిగంటలకు ఇద్దరు ప్రభుత్వ అధికారులు కిచెన్‌కు వస్తారు. ఇక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ దేశంలో పనిచేసే హక్కు ఉందో లేదో యజమాని ఎలా చూసుకున్నారు, ఆ రుజువులేమిటి అన్నది పరిశీలిస్తారు. గడిచిన మూడు నెలల రోస్టర్లు, అంటే ఎవరు ఏరోజు పనిచేశారో చూపే పట్టికలు, పనిగంటల లెక్కలు సిద్ధంగా ఉంచాలి.

"అంటే రైడా?" అన్నారు ఆంటీ.

దోసెల పెనం దగ్గర నుంచి అక్క నవ్వింది. అక్క కరీంనగర్ నుంచి వచ్చింది, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నాలాగే స్టూడెంట్ వీసా మీద ఉంది, ఇంకొక్క సెమిస్టర్ మిగిలింది. "రైడ్ అయితే చెప్పి వస్తరా ఆంటీ? చెప్పి వచ్చేటోళ్ళు సుట్టాలు. మంచిగ చాయ్ పెట్టున్రి."

ఆంటీకి నవ్వు రాలేదు. "అందరి పేపర్లూ ఉన్నాయిగా. నా ఫోన్లో ఉన్నాయి."

ఆవిడ ఫోన్లో ఉన్నవి మా పాస్‌పోర్టు ఫొటోలు. వాట్సాప్‌లో, పెళ్ళి భోజనాల ఫొటోల మధ్య, ఒకటి సగం కోసుకుపోయి, ఒకటి తలకిందులుగా. ఫొటో చాలదు. పనిలో పెట్టుకునే ముందే పాస్‌పోర్టు నంబరూ పుట్టినతేదీ ప్రభుత్వం వారి వెబ్‌సైట్లో కొట్టి, ఆ వీసాకు పనిచేసే హక్కు ఉందో, ఉంటే ఏ షరతు మీద ఉందో చూసి, ఆ కాగితం దాచుకోవాలి. ఆరుగురిలో ముగ్గురికి అది జరిగింది. మిగిలిన ముగ్గురినీ ఆంటీ "మన పిల్లలే కదా" అని పెట్టేసుకున్నారు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను, అక్కా ఉంది.

"నువ్వే చేసిపెట్టమ్మా. ఫైలు నీట్‌గా ఉండాలి. రోస్టర్ పట్టిక ఎట్లాగూ నువ్వు చేసిందేగా."

పట్టిక నేను చేసిందే. నేను చేరిన కొత్తలో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో గోడమీద తెల్లబోర్డు మీద రాసేవారు. ఇడ్లీ ఆవిరికి సగం చెరిగిపోయేది. నేను లాప్‌టాప్‌లో ఒక పట్టిక చేసి ఇచ్చాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో ఫోర్ట్‌నైట్‌కు నలభై ఎనిమిది గంటలకు మించి పనిచేయకూడదు. ఇది ఇక్కడి ప్రతి స్టూడెంటుకూ తెలిసిన రూలు. అందుకని నెలను రెండుగా చేశాను. ఒకటి నుంచి పదిహేను వరకు ఒక ముక్క, పదహారు నుంచి నెలాఖరు వరకు ఇంకో ముక్క. ఎవరి గంటలైనా ఏ ముక్కలోనైనా నలభై ఎనిమిది దాటితే ఆ గడి ఎర్రబడుతుంది. తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. నాకు అది చాలా గర్వంగా ఉండేది, ఎవరితోనూ అనలేదు గాని.

శుక్రవారం మధ్యాహ్నం బియ్యం బస్తాల గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ వెబ్‌సైట్లో చూశాను. అక్క వచ్చి పక్కన బస్తా మీద కూర్చుంది.

"పుట్టినతేదీ చెప్పు అక్కా."

"ఏది? అమ్మ చెప్పినదా, బడిల రాసినదా?"

"పాస్‌పోర్టులో ఉన్నది."

"అయితే బడిదే. మా సారు మా క్లాసు మొత్తానికి జూన్ల పుట్టిచ్చిండు."

ఆ తేదీ, కొత్త పాస్‌పోర్టు నంబరు కొట్టాను. వివరాలు దొరకలేదని వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ దొరకలేదు. అక్క మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. పదినిమిషాల తర్వాత తట్టింది. ఆర్నెల్ల క్రితం పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుని, ఆ సంగతి వీసా వాళ్ళకు చెప్పలేదు. పాత నంబరు కొడితే వెంటనే వచ్చింది.

"పాణం పోయి వచ్చింది పో" అని అక్క లేచి దోసెల దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు నేను కూడా అనుకున్నాను, ఈ ఫైలులో భయపడాల్సింది అదొక్కటే, అది అయిపోయిందని.

చివరికి నాది మిగిలింది. నా వివరాలు వెంటనే వచ్చాయి. వీసా అమల్లో ఉంది. పనిచేయవచ్చు, షరతు ఉంది. షరతు పక్కన నొక్కితే దాని పూర్తి పాఠం తెరుచుకుంటుంది. తెలిసిన మాటకు కూడా అర్థం వెతికే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. నొక్కాను. అడుగున చిన్న అక్షరాల్లో ఫోర్ట్‌నైట్ అంటే ఏమిటో రాసి ఉంది.

సోమవారంతో మొదలయ్యే పద్నాలుగు రోజులు.

ఒకసారి చదివితే ఏమీ అనిపించలేదు. రెండోసారి చదివాక గదిలో ఫ్రీజర్ మోత పెద్దగా వినపడింది.

నాకు ఫోర్ట్‌నైట్ అంటే పదిహేను రోజులు. మా స్కూల్లో ఇంగ్లీషు టీచర్ అట్లాగే చెప్పారు. నా దగ్గరున్న డిక్షనరీలో పక్షం అని ఉంది. పక్షం అంటే నాకు మా ఊరి శాఖా గ్రంథాలయానికి వచ్చే పక్షపత్రిక. ఒకటో తారీఖున ఒక సంచిక, పదహారున ఇంకొకటి. ఆ రెండు రోజులూ నేను స్కూలు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేదాన్ని. నెలకు రెండు పక్షాలు, ఒకటిన మొదలయ్యేది ఒకటి, పదహారున మొదలయ్యేది ఒకటి. ఇందులో అడగడానికి ఏముందనుకున్నాను. యూనిలో చేరిన మొదటివారం ఈ రూలు చెప్పినప్పుడు హాలులో రెండువందల మంది ఉన్నారు. అందరూ తలూపారు, నేనూ ఊపాను.

పెన్సిల్ తీసుకుని దీపావళి నెల పట్టిక ముందు పెట్టుకున్నాను. ఆ నెల మొదట్లో పని తక్కువ. దీపావళి ముందువారం మాత్రం మేమెవరం కూర్చోలేదు. ఒకటి నుంచి పదిహేను వరకు నావి నలభై ఆరు గంటలు. పదహారు నుంచి నెలాఖరు వరకు ఇంకో నలభై ఆరు. రెండు గడులూ తెల్లగానే ఉన్నాయి. కాని పదమూడో తారీఖు సోమవారం. ఆ సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్క వారంలోనే నలభై ఆరు గంటలు చేశాను. నా పట్టిక ఆ వారాన్ని బుధవారానికీ గురువారానికీ మధ్య రెండుగా కోసి, ఈ ముక్క ఒక పక్షంలో, ఆ ముక్క ఇంకో పక్షంలో పడేసింది. ముందువారంతో కలిపితే పద్నాలుగు రోజుల్లో అరవై నాలుగు. తర్వాతి వారంతో కలిపినా అరవై.

మిగతావాళ్ళవి ఎట్లా కూడినా దాటలేదు. అక్కవి లెక్కపెట్టాను. అరవై ఏడు.

ఆ షరతు తప్పితే వీసా రద్దు చేయవచ్చు. తప్పనిచ్చిన యజమానిదీ నేరమే. ఆ రెండు వాక్యాలూ అదే పేజీలో ఉన్నాయి. మూడు నెలల పట్టికలు మంగళవారం పదిగంటలకు వాళ్ళ చేతిలో ఉంటాయి. పద్నాలుగు రోజులు లెక్కపెట్టడం వాళ్ళకు నాలాగా కొత్త కాదు.

ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాను. నేను పాయింట్ కుక్‌లో ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. వెర్రిబీలో రైలెక్కితే రెండో స్టేషన్లో దిగి బస్సెక్కాలి. రైలు కదిలాక పెట్టె ఆ చివర యూనిఫాంలో ఇద్దరు కనిపించారు. టికెట్లు తనిఖీ చేసేవాళ్ళు. నేను కార్డు తాకించే ఎక్కాను, అందులో డబ్బులున్నాయి. అయినా లేచి తలుపు దగ్గరికి జరిగాను. వాళ్ళు నాలుగు సీట్ల దూరంలో ఉండగా మధ్య స్టేషన్ హాపర్స్ క్రాసింగ్ వచ్చింది. దిగిపోయాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి, వెళ్ళిపోతున్న రైలును చూస్తూ, నేను ఇప్పుడు ఇట్లాంటి మనిషినయ్యానా అనుకున్నాను. తప్పు చేసినవాళ్ళు ఎట్లా నడుస్తారో అట్లా నడుస్తున్నాను.

శనివారం అక్క వెల్లుల్లి ఒలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఏందే? పద్నాలుగా? పదిహేను గదా?"

"పద్నాలుగు. సోమవారం నుంచి."

"ఏ సోమవారం?"

"ఏ సోమవారమైనా. ఏ రెండు వారాలు పక్కపక్కన పెట్టి చూసినా నలభై ఎనిమిది దాటకూడదు."

అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. వెల్లుల్లి పొట్టు వేళ్ళకు అంటుకుని ఉంది. మధ్యలో ఆగి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది. తర్వాత నావైపు చూసిన చూపును నేను డైరీలో రాయడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

"ఆ పట్టిక నువ్వే చేసినవ్ గదనే?"

"అవునక్కా."

"ఎర్రగైతది, ఎర్రగైతది అన్నవ్. నేను దాన్నే నమ్మిన. ఆంటీ ఇంకో షిఫ్ట్ చెయ్యమంటే, ఎర్రగ లేదు గదా అని చేసిన."

అది నిజం.

కాసేపటికి అక్క గొంతు తగ్గించింది. "సరే. ఏడ్వకు. ఏడిస్తే ఏమైతది? ఆ వారంల నావి ఇరవై గంటలు తీసి అంకుల్ పేరు మీద ఎక్కియ్యి. నీయి గూడ. ఆయన ఇంటోడు, ఎన్ని గంటలు చేస్తే ఎవడడుగుతడు? నువ్వు చేసిన పట్టికే, నువ్వే మార్చు."

అంకుల్ అంటే ఆంటీ భర్త. ఇక్కడి పౌరుడు. ఆయన గంటలకు షరతు లేదు.

ఆదివారం ఆంటీ చర్చిలో ఉంటారని తెలుసు. నేను నా గదిలో కిటికీ పక్కన కూర్చుని మార్చడం మొదలుపెట్టాను. పదమూడో తారీఖు అక్క పేరులో ఏడు గంటలు తీసి అంకుల్ వరసలో పెట్టాను. పద్నాలుగున నావి ఏడు తీసి పెట్టాను. అరగంటలో అయిపోయింది. పట్టిక శుభ్రంగా ఉంది, ఎక్కడా గీత లేదు, కొట్టివేత లేదు. ఇంత సులువుగా ఉంటుందని అనుకోలేదు. ఇంత సులువుగా ఉండటమే నాకు దడ పుట్టించింది.

ఏదైనా రాశాక ఒకసారి మొదటి నుంచి చదువుకోవడం నాకు అలవాటు. అట్లా చదువుతుంటే అంకుల్ వరస దగ్గర ఆగాను. ఆ సోమవారం నుంచి గురువారం దాకా అంకుల్ ఇక్కడ లేరు. వాళ్ళమ్మాయి అడిలైడ్‌లో మాసన్ లేక్స్ క్యాంపస్‌లో చదువుతోంది. ఆ అమ్మాయి గది మారుతుంటే సామాను మోయడానికి కారులో వెళ్ళారు. ఆయన లేకనే కదా మాకు అన్ని షిఫ్టులు పడ్డాయి! ఆ నాలుగు రోజులూ ఆంటీ ఫోన్ చేసి "తిన్నారా, ఎక్కడున్నారు" అని అడగడం కిచెన్లో అందరూ విన్నారు.

నేను మంచిదాన్ని కాబట్టి ఆ మార్పులు తీసేశానని చెప్పుకోలేను. దొరికిపోతానని తీసేశాను. అడిలైడ్ కాకుండా అంకుల్ ఇంట్లోనే ఉండి ఉంటే ఏం చేసేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

సోమవారం పొద్దున ఆంటీ షట్టరు తీసి, ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేను, నా వెనక, రాత్రి నేను ఫోన్ చేసి అంతా చెప్పిన అక్క. చెప్పాను. ఈసారి ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళాను కాబట్టి చదివినట్టు చెప్పగలిగాను.

ఆంటీ నా చేతిలో కాగితం లాక్కున్నారు.

"పద్నాలుగేంటమ్మా? ఒక్కరోజు తేడాకి ఇంత గోలా?"

"ఒక్కరోజు కాదాంటీ. ఎక్కడ మొదలుపెడతాం అన్నదే తేడా."

"ఎక్కడ మొదలుపెట్టినా గంటలు గంటలేగా!" ఆవిడ గొంతు పెరిగింది. "ఎంఎస్ చదువుతున్నావు. పొద్దస్తమానం ఆ సంచిలో ఏదో పుస్తకం పెట్టుకు తిరుగుతావు. ఇదొక్కటి చదవలేకపోయావా? నాకంటే రాదు. నీకు వచ్చుగా! నీకు వచ్చనేగా నీకిచ్చింది!"

అక్క మధ్యలో వచ్చింది. "ఆంటీ, తిట్టుడు తర్వాత. రేపు పదింటికి వస్తరు."

ఆంటీ మొహం తుడుచుకుని, చర్చిలో తెలిసిన ఒక వీసా ఏజెంటుకు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు. ఆయన అంతా విని ముందు అడిగిన మాట ఒకటే. "పట్టిక ఏమైనా మార్చారా?"

ఆంటీ నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

"మార్చొద్దు సిస్టర్. పొరపాటు వేరు, దొంగకాగితం వేరు. దొంగకాగితం ఇస్తే మీకు నేనే కాదు, ఎవరూ అడ్డం రాలేరు. ఆ పిల్లల్ని సరైన లెక్క వేసి, ఎక్కడ పొరపాటు జరిగిందో ఒక పేజీ రాయమనండి. అడగకముందే వాళ్ళ చేతిలో పెట్టండి. ముగ్గురి వీసాలు ఆలస్యంగా చూసిన సంగతి కూడా రాయండి."

"ఇస్తే ఏమీ కాదు కదండీ?"

"ఏమీ కాదని నేను చెప్పలేను."

ఆ పేజీ నేనే రాశాను. ఇంగ్లీషులో, చిన్న వాక్యాల్లో. మా భాషలో ఈ మాటను పదిహేను రోజులు అంటామని, నెలకు రెండుగా లెక్కపెడతామని, పట్టికను అట్లాగే కట్టానని రాశాను. క్షమించండి అని రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను. ఆంటీ పేరు కింద సంతకం పెట్టేటప్పుడు ఆవిడ పెన్ను రెండుసార్లు పెట్టేసి మళ్ళీ తీసుకోవడం చూశాను. అప్పటిదాకా నా వీసా, అక్క వీసా అనే అనుకుంటున్నాను. ఆవిడకు కూడా పోయేది ఉందని అప్పుడే పట్టింది.

మంగళవారం పదికి ఐదు నిమిషాల ముందే వాళ్ళు వచ్చారు. ఒక పెద్దావిడ, ఒక యువకుడు. ఇద్దరూ మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయమేసింది. ఆంటీ చాయ్ ఇస్తే వద్దన్నారు, మంచినీళ్ళు మాత్రం తీసుకున్నారు. స్టీలు బల్ల మీద ఫైలు తెరిచారు. పెద్దావిడ ఒక్కొక్కరి వీసా కాగితం చూసి, దాని మీది తేదీ చూసి, మేము పనిలో చేరిన తేదీ పక్కన పెట్టి చూసింది. మాకు ముగ్గురికి ఆ రెండింటి మధ్యా నెలల తేడా ఉంది. ఆ తేదీలు రాసుకుంది. తర్వాత నా పేజీ వచ్చింది.

ఆవిడ దాన్ని నెమ్మదిగా చదివింది. యువకుడికి ఇచ్చింది. అతను కూడా చదివాడు. అక్క పెనం దగ్గర నిలబడి, మంట లేని పెనాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉంది.

"ఈ పట్టిక ఎవరు తయారుచేశారు?" అని అడిగింది ఆవిడ.

ఆంటీ వేలు నావైపు లేచింది. ఆలోచించి ఎత్తిన వేలు కాదు. వేడిగిన్నె తగిలితే చెయ్యి ఎట్లా వెనక్కి వస్తుందో అట్లా లేచింది. "షీ," అన్నారు, "షీ ఓన్లీ మేక్."

అందరూ నావైపు చూశారు. నేను చేశానని చెప్పాను. ఎంత మెల్లగా చెప్పానంటే యువకుడు ముందుకు వంగి మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"నువ్వు ఇక్కడ మేనేజరువా?"

"కాదు. పిండి రుబ్బుతాను."

ఆవిడ నావైపు నుంచి ఆంటీ వైపు తిరిగింది. ఈ పట్టికను ఎవరు చూసి ఒప్పుకున్నారు, ఎవరి మాట మీద షిఫ్టులు ఇచ్చారు అని అడిగింది. గొంతు పెంచకుండానే, వీసాలు చూసుకోవడం, గంటలు చూసుకోవడం పనిచేసే అమ్మాయి బాధ్యత కాదు, పని ఇచ్చినవాళ్ళ బాధ్యత అంది. షరతు తప్పినందుకు జవాబు మాత్రం ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలని కూడా అంది. ఆ రెండో మాట నన్నూ అక్కనూ చూస్తూ అంది.

ఆంటీ చెయ్యి దించారు. "మీ," అన్నారు తననే చూపించుకుంటూ. "మై కిచెన్. ఐ సైన్."

వాళ్ళు పట్టికలన్నీ ఫొటోలు తీసుకున్నారు, మా పాస్‌పోర్టు నంబర్లు రాసుకున్నారు. ఏ నిర్ణయమైనా ఈమెయిల్లో ఉత్తరం పంపి చెబుతామన్నారు. ఎన్నాళ్ళకు అని నేను అడగలేదు. అక్క అడిగింది. చెప్పలేమన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఆంటీ తిన్నగా వంటకు దిగారు. మధ్యాహ్నం మాకు అన్నం వడ్డించేటప్పుడు నా కంచంలో గోంగూర రెండుసార్లు వేశారు. నేను తినలేకపోయాను. అది చూసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ వేలి సంగతి ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ వేసవి ఎట్లా గడిచిందో నా డైరీ తిరగేస్తే చాలా పేజీల్లో ఒకే వాక్యం ఉంది: ఈరోజు కూడా ఏమీ రాలేదు. ఫోన్ చిన్నగా మోగితే చేతిలో పని వదిలేసి చూసేదాన్ని. సూపర్‌మార్కెట్ ఆఫర్ మెసేజ్ అయినా అంతే. గదికి కొత్త దుప్పటి కొనాలనుకుని కొనలేదు, ఎన్నాళ్ళుంటానో తెలియని ఇంటికి ఎందుకని. లైబ్రరీలో తెచ్చుకున్న పుస్తకాలు గడువుకు వారం ముందే ఇచ్చేసేదాన్ని. అక్క నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. జనవరిలో ఒకరోజు మాత్రం, నేను కూరగాయలు దాచే చల్లటి కూల్‌రూమ్‌లో నిలబడిపోయి ఉంటే తలుపు తీసి, "బయటికి రా. సచ్చిపోయి నా మీదికి తేకు" అంది. అది నాకు చాలా మంచిమాటలా వినపడింది.

ఆంటీకి ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది. హెచ్చరిక. ఇకనుంచి ఎవరినీ వీసా చూడకుండా పనిలో పెట్టుకోకూడదు, రోస్టర్ సోమవారం నుంచి లెక్కించాలి, మళ్ళీ జరిగితే జరిమానా. ఆంటీ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకున్నారు. రోస్టర్ మాత్రం ఈసారి అంకుల్ చేత చేయించారు.

మా ఇద్దరికీ మార్చి మొదటివారంలో, క్లాసులు మొదలయ్యాక వచ్చింది. ఒకేరోజు, మధ్యాహ్నం, ఇద్దరం కిచెన్లోనే ఉండగా. ముందు అక్క ఫోన్ మోగింది, వెంటనే నాది. నేను నా ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను. అక్క తనది తెరిచి, పెదాలు కదుపుతూ చదివి, ఒక్కసారిగా గరిటె పెనం మీద కొట్టింది.

"ఏం లేదంటుండ్రు! ఆంటీ, ఏం లేదు! ఏం చేస్తలేరంట!"

ఆంటీ లోపలి నుంచి "స్తోత్రం, స్తోత్రం" అంటూ పరుగెత్తుకొచ్చారు. అక్క నా ఫోన్ తీసి నా వేలు దాని మీద పెట్టించి, నాది కూడా తనే చదివింది. ఒకటే ఉత్తరం, పేర్లే వేరు.

నేను తీసుకుని మళ్ళీ చదివాను. మొదటి పేరా, రెండో పేరా. మీరు షరతును మీరినట్టు నమోదు చేశాము. ఈ విషయంలో ప్రస్తుతానికి ఏ చర్యా తీసుకోవడం లేదు.

"అక్కా," అన్నాను, "ప్రస్తుతానికి అని ఉంది."

"ఉంటే?"

"ప్రస్తుతానికి అంటే ఎన్ని రోజులు?"

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని నా ఏప్రన్ జేబులో కుక్కింది. "నువ్వు లెక్కపెట్టకు తల్లీ. నీ లెక్కలకు దండం."

ఆంటీ నవ్వారు. అక్క నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత గోడమీద అంకుల్ చేసిన రోస్టర్ దగ్గరికి వెళ్ళి, ముందువారం సోమవారం నుంచి ఆరోజు దాకా నా గంటలు వేళ్ళ మీద రెండుసార్లు కూడుకున్నాను. నలభై ఎనిమిదికి ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి. అయినా ఆ సాయంత్రం షిఫ్ట్ వద్దని ఆంటీకి చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను.